స్క్లెరోడెర్మా చేతికి ఏ ఆపరేషన్, ఎక్కడ, ఎప్పుడు? శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళ కోసం

"వేళ్ళు ముడుచుకుపోయాయి, ఆపరేషన్ చేస్తే తిన్నగా అవుతాయా?" ఈ ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తాను, మిగతాది చదవాలో వద్దో మీరే తేల్చుకోండి. స్క్లెరోడెర్మాలో, అంటే చర్మం, రక్తనాళాలు, లోపలి అవయవాలు గట్టిపడి బిగుసుకుపోయే జబ్బులో, ఏ ఆపరేషన్ చేసినా వేలు మునుపటిలా వంగి లేవదు. నొప్పి తగ్గించవచ్చు, మానని పుండు మాన్పించవచ్చు, వేలిని పనికొచ్చే కోణంలో నిలబెట్టవచ్చు, కొసకి ఇంకాస్త రక్తం అందేలా చేయవచ్చు. వీటికి వేర్వేరు ఆపరేషన్లున్నాయి, ఒకటి చేయించుకుంటే రెండోదాని పని అవదు. మనవాళ్ళు చాలామంది "చేతి ఆపరేషన్" అని ఒకటే మాట అంటారు, డాక్టరూ హడావుడిలో అదే అంటాడు, చివరికి వేలి కొస నల్లబడుతోందని వెళ్ళినవాళ్ళు కణుపు అతికించుకుని బయటికొచ్చి, కొస నొప్పి అలాగే ఉందేమిటని బాధపడతారు.

నాకు ఈ జబ్బు వచ్చి చాలా ఏళ్ళైంది. కుడిచేతి చూపుడు వేలు, మధ్యవేలు కణుపుల దగ్గర అతికించారు. నేను డాక్టర్ని కాదు, బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని. నా చేతికి జరిగింది, ఓపీ బెంచీల మీద పక్కన కూర్చున్నవాళ్ళ చేతులకి జరిగింది, డాక్టర్లని విసిగించి మరీ అడిగి తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను.

ఇంకో సంగతి. మన వైపు వేళ్ళు ముడుచుకుంటే చాలు, "ఏటమ్మా, పెద్దరోగమా?" అని మొహం మీదే అడుగుతారు. కుష్టులో నరం దెబ్బతిని స్పర్శ పోతుంది, కాలినా తెలీదు. మనకి దానికి పూర్తిగా వ్యతిరేకం, చల్లటి గ్లాసు తగిలినా ప్రాణం పోయేంత నొప్పి. ఈ తేడా ఆపరేషన్‌కీ వర్తిస్తుంది. కుష్టు చేతికి మంచి ఫలితం ఇచ్చే టెండన్ మార్పిడి ఆపరేషన్లు, అంటే బాగున్న టెండన్‌ని (కండని ఎముకకి కలిపే తాడులాంటిది) తెచ్చి పనిచేయని చోట కలపడం, మనకి పనికిరావు, ఎందుకంటే మన చర్మం, కీలు, రక్తనాళం అన్నీ బిగుసుకుని ఉంటాయి. "మా ఊళ్ళో ఫలానావాళ్ళ వేళ్ళు వేలూరులో బాగుచేశారు" అంటే అది ఏ జబ్బో కనుక్కోండి.

మధ్య కణుపు ముడుచుకుని, పైన పుండు పడితే

అన్నిటికంటే ఎక్కువమందికి వచ్చే కష్టం ఇదే, కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను. పిడికిలి దగ్గర కణుపులు వెనక్కి బిగుసుకుంటాయి, మధ్య కణుపులు లోపలికి ముడుచుకుంటాయి. వేలు పైభాగాన చర్మం ఎముక మీద సాగి సాగి తెల్లగా, నున్నగా మెరుస్తుంది, గీత అనేది కనపడదు. ఓ రోజు తలుపు గొళ్ళేనికో, బకెట్ చెవికో చిన్నగా తగిలి అక్కడ చిట్లుతుంది. గోరంత చీలిక, నెల్లాళ్ళకీ మానదు. లోపల కీలుని తిన్నగా పట్టుకునే పలచటి టెండన్ కూడా ఈపాటికి అరిగిపోయి ఉంటుంది, అందుకే వేలు ఇంకా ముడుచుకుంటుంది, ముడుచుకున్నకొద్దీ పుండు వెడల్పవుతుంది. కొందరికి అందులోంచి ఎముక కనిపిస్తుంది.

దీనికి మీ ముందు నాలుగు దార్లుంటాయి: ముడత కోసి వేలు సాగదీయడం, కృత్రిమ కీలు వేయడం, కీలు తీసేసి ఎముకలు అతికించడం, ఏమీ చేయకుండా ఊరుకోవడం.

సాగదీయడం వినడానికి బాగుంటుంది. కాలిన చేతికి చేస్తారు కదా, అరచేతి వైపు కోసి చర్మం అతికించి తిన్నగా కట్టేస్తారు, మాకెందుకు చేయరు అని నేనూ అడిగాను. ముడత ఏళ్ళ తరబడి ఉండటంతో చర్మంతో పాటు రక్తనాళాలు కూడా పొట్టిబడిపోతాయి. బలవంతంగా వేలు చాపితే నాళం సాగి మూసుకుపోతుంది, వేలు టేబుల్ మీదే తెల్లబడిపోతుంది. అసలే రక్తం చాలని వేలికి అది ప్రమాదం. ఎవరైనా మీకు ఈ జబ్బు ముదిరిన చేతికి "కోసి తిన్నగా చేసేస్తాను" అని తేలిగ్గా చెబితే, ఆయన ఇలాంటి చేతులు ఎన్ని చూశారో మర్యాదగా అడగండి. నేనైతే అడగడంతో పాటు రెండో డాక్టరు దగ్గరికి కూడా వెళ్తాను.

కృత్రిమ కీలు, సిలికాన్‌ది, కీళ్ళవాతం వాళ్ళకి వేస్తుంటారు. మధ్య కణుపులో మనకి దానితో చిక్కేమిటంటే, కీలు కొత్తదైనా దాన్ని లాగే టెండన్ అరిగిపోయింది, పైన కప్పే చర్మం లేదు. పుండు ఉన్నచోట లోపల పరాయి వస్తువు పెడితే చీము పట్టే భయం వేరే. పిడికిలి కణుపుల దగ్గర మాత్రం కథ వేరు, అక్కడ చర్మం కాస్త మెరుగ్గా ఉంటుంది కాబట్టి, కణుపులు వెనక్కి బిగుసుకుని అసలు వంగకపోతే బిగువు వదులు చేయడమో, ఎముక కొస కొంచెం తీసి కీలులో జాగా చేయడమో చేస్తారు. అక్కడ కొద్దిగా కదలిక వచ్చినా అది మొత్తం చేతికి లాభం.

ఇక అతికించడం, డాక్టర్లు ఫ్యూజన్ అంటారు. నా ఓటు దీనికే. కీలు కొసలు రెండూ కోసి, ఎముకని కొంచెం పొట్టి చేసి, వంపు కోణంలో పెట్టి సన్నటి తీగలతో బిగిస్తారు. పొట్టి చేయడంలోనే కిటుకంతా ఉంది. దుప్పటి పొట్టిదైతే కాళ్ళు ముడుచుకుంటాం కదా, ఇక్కడా అంతే, చర్మాన్ని సాగదీయలేరు కాబట్టి ఎముకని తగ్గిస్తారు. దాంతో పైన చర్మం వదులై పుండు మూసుకుంటుంది, నాళం మీద లాగుడు తగ్గుతుంది, కొసకి రక్తం కూడా కొంచెం మెరుగవుతుంది. ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు, మనలాంటివాళ్ళకి ఇంకాస్త ఆలస్యం కూడా అవుతుంది. "ఈ జబ్బున్నవాళ్ళకి కోస్తే మానదు" అనే మాట అందరూ చెబుతారు, కొందరు డాక్టర్లతో సహా. చర్మాన్ని ఎక్కువ లేపకుండా, జాగ్రత్తగా కోస్తే కణుపు దగ్గరి గాయం నెమ్మదిగానైనా మానుతుంది. వేలి కొస గాయాలే ఎక్కువ మొండికేస్తాయి.

నష్టం కూడా చెప్పాలి. ఆ కీలు ఇక జన్మలో వంగదు. అప్పటికే వంగడం లేదు కాబట్టి పోయేది లేదనిపిస్తుంది కానీ, ఇరవై డిగ్రీలైనా కదులుతున్న వేలయితే ఆ ఇరవై డిగ్రీలతో మీరేం చేస్తున్నారో ముందు లెక్క చూసుకోండి. అసలు ప్రశ్న ఏ కోణంలో అతికించాలన్నది. సుమారుగా చూపుడు వేలికి 40 డిగ్రీలు, చిటికెన వేలు వైపు వెళ్ళేకొద్దీ 55 దాకా పెంచుతారు. కానీ పుస్తకంలో రాసిన కోణం మీ పనికి సరిపోవాలని లేదు. పొందూరులో పత్తి వడికే ఓ పెద్దావిడ నాకు ఓపీలో పరిచయం. వాలుగ చేప దవడతో పత్తి దువ్వాలన్నా, నూలు లాగాలన్నా బొటనవేలు కొస చూపుడువేలి కొసకి తగలాలి, అది తగలకపోతే ఆవిడకి వేలున్నా ఒకటే లేకున్నా ఒకటే. పలాసలో జీడిపిక్కల పనికి వెళ్ళే అమ్మాయికైతే చిటికెన వేపు రెండు వేళ్ళు కూడా గట్టిగా పట్టాలి. నాకు పెన్ను, ముద్ద, జడపిన్ను. కాబట్టి సర్జన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు సంచిలో మీరు రోజూ పట్టుకునే వస్తువులు వేసుకుని వెళ్ళండి. గ్లాసు, గరిటె, పెన్ను, తాళంచెవి. ఆయన ముందు ఒక్కొక్కటీ పట్టుకుని చూపించండి. నవ్వితే నవ్వనివ్వండి. మీ చేత పట్టించి చూసి, బొటనవేలు ఎంతవరకు వస్తోంది, పిడికిలి కణుపు ఎంత వంగుతోంది కొలిచి, అప్పుడు కోణం చెప్పే సర్జన్ అయితే మీకు సగం టెన్షన్ తగ్గినట్టే. పిడికిలి కణుపు అసలు వంగనప్పుడు మధ్యది ఒక్కటే అతికిస్తే చెయ్యి గాల్లో తేలినట్టు ఉంటుంది, పట్టు రాదు. రెండూ కలిపి ప్లాన్ చేయాలి.

నాలుగో దారి, ఊరుకోవడం. వేలు ముడుచుకుని ఉంది, కానీ చర్మం చిట్లలేదు, నొప్పి లేదు, పని జరిగిపోతోంది అంటే నా సలహా ముట్టుకోవద్దనే. ఫొటోలో బాగోలేదని ఎవరూ వేలు కోయించుకోకూడదు. లావు పిడి గరిటెలు, బొత్తాల బదులు అతుక్కునే పట్టీలు, కుళాయికి పొడుగు పిడి, వీటితో చాలా నెగ్గుకురావచ్చు. గోరువెచ్చటి మైనంలో చెయ్యి ముంచి, తర్వాత నెమ్మదిగా వేళ్ళు చాపే వ్యాయామం జబ్బు మొదట్లో నిజంగా పనిచేస్తుంది, కాకపోతే పుండున్న చేతిని మైనంలో ముంచకండి, వేడి ముందు మోచేతి దగ్గర చూసుకోండి. ఇప్పటికే రాయిలా గట్టిపడిన కీలుని మాత్రం ఏ స్ప్లింటూ తిన్నగా చేయదు, దానికి వేలకి వేలు పోయకండి.

వేలి కొసలు తెల్లబడి, నీలమై, పుండ్లు పడితే

ఇక్కడ కష్టం ఎముకది కాదు, రక్తానిది. కత్తికి ముందు మందుల దారి పూర్తిగా చూడాలి. నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ మొదట ఇస్తారు. తర్వాత సిల్డెనాఫిల్ లేదా టాడలాఫిల్. (సిల్డెనాఫిల్ అంటే వయాగ్రాలో ఉండే మందే. ఆ చీటీ పట్టుకుని మా అప్ప మందుల షాపుకి వెళితే అక్కడి కుర్రాడు చీటీని, ఆవిడని మార్చి మార్చి చూశాడట. వాడి సంగతి వదిలేయండి, ఇది నాళాలు వెడల్పు చేసే మందు, అంతే. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలతో కలిపి మాత్రం వాడకూడదు.) బోసెంటాన్ కొత్త పుండ్లు రాకుండా తగ్గిస్తుంది, ఉన్న పుండు తొందరగా మానుతుందని మాత్రం ట్రయల్స్‌లో తేలలేదు, పైగా నెలనెలా లివర్ పరీక్ష చేయించుకోవాలి, గర్భంతో ఉన్నవాళ్ళు అసలు వాడకూడదు, గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్ళు నమ్మకమైన గర్భనిరోధకం లేకుండా వాడకూడదు. వేలు నల్లబడే ప్రమాదం వచ్చినప్పుడు ఆసుపత్రిలో చేర్చి రక్తనాళాల్ని వెడల్పు చేసే మందుని సెలైన్‌లా కొన్ని రోజులు ఎక్కిస్తారు. ఇది చూడకుండా నేరుగా ఆపరేషన్ టేబుల్ అంటే ఒప్పుకోవద్దు.

ఇక పొగ. మన తీరం వెంబడి ఊళ్ళలో పెద్దాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. నికోటిన్ నాళాన్ని బిగించేస్తుంది. చుట్ట మానకుండా రక్తం కోసం ఆపరేషన్ చేయించుకుంటే డబ్బూ, రక్తమూ రెండూ దండగ. డాక్టరు అడగడు, అమ్మమ్మ చెప్పదు, ఇంట్లోవాళ్ళే చెప్పాలి.

మందులకి లొంగకపోతే ముందున్నవి ఇవి. ఒకటి అరచేతిలో బొటాక్స్ ఇంజెక్షన్. కోత లేదు, కొందరికి నెలల పాటు నొప్పి తగ్గిందంటారు, నేనూ అలాంటివాళ్ళని చూశాను. కానీ స్క్లెరోడెర్మా వాళ్ళ మీద మందు లేని ఉత్తి ఇంజెక్షన్‌తో పోల్చి చేసిన ఒక ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి, రక్తప్రసరణ చెప్పుకోదగ్గంత పెరిగినట్టు అందులో కనపడలేదు. చేతికి కొన్నాళ్ళు బలం తగ్గొచ్చు, మళ్ళీ మళ్ళీ వేయించుకోవాలి. డబ్బుంటే ప్రయత్నించండి, అప్పు చేసి మాత్రం వద్దు.

రెండోది వేలి నాళాల సింపథెక్టమీ. నాళం చుట్టూ అల్లుకున్న సన్నటి నరాల పొరని మైక్రోస్కోప్ కింద ఒలిచేస్తారు, దాంతో నాళం బిగుసుకోవడం తగ్గుతుంది. ఏడ్రియన్ ఫ్లాట్ అనే హ్యాండ్ సర్జన్ 1980లో దీని గురించి రాశారు, ఆ తర్వాత అరచేతిలో, మణికట్టు దగ్గర కూడా చేయడం మొదలైంది. చాలామందికి నొప్పి త్వరగా తగ్గుతుంది, పుండు మానుతుంది, కొందరికి మళ్ళీ వస్తుంది. ఇంతవరకు జరిగిన అధ్యయనాలు చిన్నవే, గ్యారంటీ అనే మాట ఎవరు చెప్పినా నమ్మకండి. అయినా మందులన్నీ అయిపోయి, పుండు మానక, రాత్రుళ్ళు నిద్ర లేనివాళ్ళకి నేను దీన్నే ముందు పెడతాను.

మూడోది బైపాస్. స్క్లెరోడెర్మాలో చిటికెన వేలి వైపు మణికట్టు దగ్గరుండే అల్నార్ ధమని పూడుకుపోవడం ఎక్కువ. డాప్లర్ స్కాన్‌లోనో, రంగు మందు ఎక్కించి నాళాలు చూసే యాంజియోలోనో అది తేలితే, అవతల వైపు నాళం ఇంకా బాగుంటే, కాలి నుంచో చేతి నుంచో సిర ముక్క తెచ్చి వేసి దారి మళ్ళిస్తారు. అందరికీ కుదరదు, కుదిరినవాళ్ళకి మంచిది, చేసే చేతులు మాత్రం తక్కువ.

ఛాతీలో రంధ్రం పెట్టి నరం కత్తిరించే ఆపరేషన్ గురించి కూడా చెబుతారు, అరచేతి చెమటకి చేసేది. మన జబ్బులో దాని ప్రభావం నిలవదు, పైగా చాలామందికి ఊపిరితిత్తులు అసలే బాగుండవు. నేను వద్దంటాను.

సున్నం గడ్డలు, బొటనవేలు, నల్లబడిన కొస

చర్మం కింద సున్నం పేరుకుని గడ్డలవుతాయి, ఒక్కోసారి పగిలి టూత్‌పేస్టులా తెల్లటి ముద్ద కారుతుంది. దీన్ని కరిగించే మందు ఇంతవరకు గట్టిగా రుజువైంది లేదు. ఆపరేషన్‌తో తీయవచ్చు కానీ మళ్ళీ పేరుకుంటుంది. చీము పట్టినా, వేలి గుజ్జులో ఒత్తుకుని పట్టు పోయినా, నొప్పి భరించలేకపోయినా తీయించండి, లేకపోతే ఉండనివ్వండి. తీసేటప్పుడు కూడా మొత్తం గీకేయమని బలవంతపెట్టకండి, సున్నం నాళాల చుట్టూ అల్లుకుని ఉంటుంది, శుభ్రంగా తీయబోతే వేలి గుజ్జుకి రక్తం పోతుంది. ఒత్తిడి తగ్గేంత తీస్తే చాలు. ఇంట్లో పిన్నీసు పెట్టి గెలకడం మాత్రం ఎవ్వరూ చేయకండి, దయచేసి.

బొటనవేలు అరచేతికి అంటుకుపోతే ఆ సందుని వెడల్పు చేసే ఆపరేషన్ ఉంది. మిగతా నాలుగు వేళ్ళు ఎంత బాగుచేసినా బొటనవేలు ఎదురు రాకపోతే గ్లాసు పట్టుకోలేం. కాబట్టి ఇది అవసరమైతే వేళ్ళ ఫ్యూజన్‌తో కలిపి ఒకే ప్లాన్‌లో ఆలోచించమనండి.

నల్లబడిన కొస సంగతి. ఎండిపోయి, చీము లేకుండా, గీత గీసినట్టు నల్లగా ఉంటే తొందరపడి కోయించకండి. చాలాసార్లు ఆ ముక్క తనంతట తాను ఊడిపోతుంది, ఆగితే డాక్టరు కోసేదానికంటే ఎక్కువ వేలు మిగులుతుంది. చూడటానికి భయమే, ఇంట్లో వాళ్ళు "తీయించెయ్యమ్మా" అని పోరుతారు, అయినా ఆగండి. తడిగా ఉండి, వాసన వచ్చి, జ్వరం, ఎర్రటి చారలు, చీము ఉంటే మాత్రం ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రి. ఉన్నట్టుండి వేలు మొత్తం నల్లబడినా అంతే.

ఏ ఆపరేషన్‌కైనా ముందు

ఎకో (గుండె స్కాన్), ఊపిరి పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీ రక్త పరీక్ష), బీపీ, చేతి ఎక్స్‌రే లేకుండా టేబుల్ ఎక్కవద్దు. ఈ జబ్బులో ఊపిరితిత్తులు గట్టిపడి, గుండె కుడివైపు ఒత్తిడి పెరిగి ఉండొచ్చు, పైకి తెలీదు. నోరు కూడా బిగుసుకుని ఉంటుంది కాబట్టి పూర్తి మత్తు ఇచ్చి గొట్టం వేయడం కష్టం. నోరు ఎంత తెరుచుకుంటుందో మత్తు డాక్టరుకి మీరే చూపించండి, చెయ్యి వరకే మత్తిచ్చి చేయగలరా అడగండి. చాలా వరకు చేయగలరు, చేతికి అదే మంచిది కూడా, నాళాలు వదులవుతాయి. థియేటర్లో ఏసీ తగ్గించమని అడగడానికి మొహమాటపడకండి.

ఉద్దానం వాళ్ళు, అంటే కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు వాళ్ళు ఇంకో జాగ్రత్త పడాలి. అక్కడ ఈ జబ్బు లేనివాళ్ళకే కిడ్నీలు పాడవుతున్నాయి. యాంజియోకి వాడే రంగు మందు, నొప్పి మాత్రలు రెండూ కిడ్నీకి భారమే, కాబట్టి ఊరి పేరు చెప్పి మరీ క్రియాటినిన్ చూడమనండి. స్క్లెరోడెర్మా వల్ల కూడా కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతినొచ్చు, ప్రెడ్నిసలోన్ అనే స్టిరాయిడ్ రోజుకి 15 మిల్లీగ్రాములు దాటితే ఆ ముప్పు పెరుగుతుంది. వాపు తగ్గుతుందని ఊళ్ళో ఎవరో ఇచ్చిన స్టిరాయిడ్ మాత్రలు మింగుతుంటే దాచకుండా చెప్పండి, సొంతంగా ఆపేయకండి కూడా. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లో పనిచేసిన మగవాళ్ళు ఆ సంగతీ చెప్పాలి, రాతి ధూళికీ ఈ జబ్బుకీ సంబంధం ఉంది, ఊపిరితిత్తుల లెక్క మారుతుంది.

ఎక్కడ చేయించుకోవాలి

శ్రీకాకుళం రిమ్స్‌లో గానీ, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, నెల్లిమర్ల మిమ్స్‌లో గానీ పుండు కట్లు, రక్త పరీక్షలు, ఎక్స్‌రే, చీము పడితే మొదటి వైద్యం చేయించుకోండి, దానికోసం ప్రతిసారీ విశాఖ పరుగెత్తనక్కర్లేదు. ఆపరేషన్ నిర్ణయానికి మాత్రం రుమటాలజిస్టు (కీళ్ళవాతం, ఇలాంటి జబ్బులు చూసే డాక్టరు), చేతి సర్జన్ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోటుకి వెళ్ళండి. విశాఖ అయితే దగ్గర, కట్టు మార్పించుకోవడానికి పొద్దున్న బస్సెక్కి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది, జబ్బు మొత్తాన్ని ఒకేచోట చూపించుకోవాలంటే మంచిది. వేలూరు సీఎంసీలో చేతి ఆపరేషన్లకి పాల్ బ్రాండ్ అనే సర్జన్ కాలం నుంచి పేరు, కోయంబత్తూరు గంగా ఆసుపత్రికీ పేరుంది. వేలూరుకి దిగాల్సిన కాట్పాడి దాకా రైల్లో వెళ్ళడం కష్టం కాదు, తీగలు బయటికి కనపడే చేత్తో జనరల్ బోగీలో తిరిగి రావడం కష్టం. ఫ్యూజన్ లాంటిదైతే అనుభవం ఉన్న సర్జన్ విశాఖలో దొరికితే నేను అక్కడే చేయించుకోమంటాను. నాళాలకి సంబంధించిన మైక్రోస్కోప్ పని అయితే దూరమైనా అలాంటివి తరచూ చేసేవాళ్ళ దగ్గరికే. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "స్క్లెరోడెర్మా చేతులకి మీరు ఇది చేశారా, వాళ్ళకి ఎలా ఉంది?"

ఎన్టీఆర్ వైద్య సేవలో, పాత ఆరోగ్యశ్రీలో, వర్తిస్తుందా అని జబ్బు పేరుతో అడిగితే కౌంటర్లో తల గోక్కుంటారు. డాక్టరు చేత ఆపరేషన్ పేరు రాయించుకుని ఆరోగ్యమిత్రకి చూపించండి, ప్యాకేజీలు ఆపరేషన్ పేరు మీదే ఉంటాయి. అనుమతి వచ్చాకే చేరండి. నన్ను ఒక ఆసుపత్రిలో ముందు చేర్చుకుని తర్వాత కార్డు కుదరదన్నారు, ఆ బిల్లు తీర్చడానికి గొలుసు తాకట్టు పెట్టాల్సి వచ్చింది.

ఏ చెయ్యి ముందు?

ఇది ఏ డాక్టరూ చెప్పడు. రెండు చేతులూ ఒకేసారి చేయించుకోవద్దు, అది తేలికే. మరి ముందు ఏది? కుడిచెయ్యి కట్టులో ఉంటే ముద్ద ఎవరు పెడతారు, ఎడమచెయ్యి కట్టులో ఉంటే దొడ్డికెళ్ళాక ఎవరు కడుగుతారు. సిగ్గుపడకుండా ఇంట్లో ముందే మాట్లాడుకోండి. నేను కుడిచెయ్యే ముందు చేయించుకున్నాను. అప్ప చల్దన్నం కలిపి పెట్టేది, చోడంబలి గ్లాసులో స్ట్రా వేసి ఇచ్చేది, అందులో నాకేం బాధ అనిపించలేదు. రెండో విషయంలో మాత్రం ఎవరి మీదా ఆధారపడటం నాకు ఇష్టం లేదు, అందుకే ఎడమని వదిలిపెట్టాను. ఒంటరిగా ఉండేవాళ్ళు, కోడలి దగ్గర మొహమాటం ఉన్నవాళ్ళు వారాల తరబడి నడిచే ఈ లెక్క వేసుకున్నాకే తేదీ ఒప్పుకోండి. దొడ్లో చేతి షవర్ పైపు బిగించుకోవడం ఆపరేషన్‌కి ముందే చేయాల్సిన పని, వేళ్ళకి ఎప్పటికీ పనికొస్తుంది కూడా.

కుదిరితే చలికాలం తప్పించండి. మనకి చలెక్కడిది అంటారు గానీ, పుష్యమాసం తెల్లవారుజామున బావినీళ్ళు తగిలితే వేళ్ళు ఎలా తెల్లబడతాయో మీకు తెలుసు. శివరాత్రి వెళ్ళాక అయితే నయం. మరీ మే నెల ఎండల్లో కట్టు కింద చెమట పట్టి దురద, అదీ ఓ గోల. పుండు చీము పడితే మాత్రం రుతువులు చూడకండి.

ఆపరేషన్‌కి ముందు ఇంకో పని చేసిపెట్టుకోండి. చర్మం బిగుసుకున్న వేళ్ళకి వేలిముద్ర సరిగా పడదు, కట్టులో ఉన్నప్పుడైతే అసలే పడదు. రేషన్ డీలర్ మిషన్ దగ్గర, పింఛన్ దగ్గర, బ్యాంకులో ఇదే తిప్పలు. ఆధార్ కేంద్రానికి వెళ్ళి కనుపాప మళ్ళీ నమోదు చేయించి, ఫోన్ నంబరు సరిచూసుకోండి, అప్పుడు కనుపాపతోనో, ఓటీపీతోనో పని జరుగుతుంది. సదరం (వికలాంగుల) సర్టిఫికెట్‌కి వెళ్ళాలనుకుంటే చేతుల ఫొటోలు, పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ రిపోర్టు కాపీలు ఒక కవర్లో పెట్టి ఉంచండి. మా సచివాలయంలో అడిగితే ఒరిజినల్స్ కూడా తెమ్మన్నారు, అందుకే అవి ఇంట్లో పారేయకండి.